తునికాకు తొవ్వ

మా అక్క కోరుట్లకు వచ్చిందంటే గల్లీ గల్లీకంతా తెలిసిపోతుంది. బస్సు దిగినప్పటి నుంచి ఆటో అతనితో, కూరగాయల బండి ఆమెతో, చివరికి మా గేటు ముందు పడుకున్న కుక్కతో కూడా ఆమె ఒకే గొంతుతో మాట్లాడుతుంది. ఆ గొంతు సిరిసిల్లలో తయారైంది. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలు అంటారు. మా బావ కులవృత్తి అయిన కల్లుగీత, తాళ్లెక్కడం మానేసి సిరిసిల్లకు పోయి సాంచాలు నడిపాడు. మా రాజక్క అదే షెడ్డులో, పెళ్లయిన కొత్తలో కూర్చున్న మనిషి మోకాళ్లు పట్టేసేదాకా, నూలు కండెలు చుట్టింది. ఆ చప్పుడులో పక్కనున్న వాళ్లతో ఒక మాట చెప్పాలంటే గొంతు చించుకోవాలి, ఒక మాట వినాలంటే పెదవులు చూడాలి. ఆమె రెండూ నేర్చుకుంది. నేనేమో ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల మీద ‘చప్పుడు చేయొద్దు’ అని అరిచిన టీచరమ్మను. దేవుడు ఏరికోరి ఇచ్చాడు నాకు ఇట్లాంటి అక్కను.

మొన్న వచ్చినప్పుడు మాత్రం గల్లీకి తెలియలేదు. కూతురు స్వప్న వెంట మెల్లగా లోపలికి వచ్చి, సోఫా మీద కాకుండా కింద గోడకు ఆనుకొని కూర్చుంది. స్వప్నకు జగిత్యాలలో బట్టలు కుట్టే దుకాణం ఉంది. తల్లిని పెద్ద డాక్టరుకు చూపించి అటునుంచి అటే తీసుకొచ్చింది. “చెవి నరం పోయిందట చిన్నమ్మా. ఇంకింత ఉన్నదిగని, గది గూడ మెల్లమెల్లగ పోతదట. మిషిన్ ఇచ్చిండ్రు, పెట్టుకోమంటే పెట్టుకుంటలేదు” అంది నాతో.

అక్క మా పెదవుల వైపే చూస్తోంది కదా, మాట అందుకుంది. “ఎట్ల పెట్టుకోవాలె? గది పెడితే గిన్నెల సప్పుడు నెత్తిల మొల కొట్టినట్టయితది. మనుషుల మాట ఒక్కటి సక్కగ రాదు. ఇంకేంటికి?” అని టీ ఊదుకుంది. తర్వాత నవ్వుతూనే చెప్పింది. “చెల్లె, నా చెవుల్ల రాత్రి పగలు సాంచ ఆడుతనే ఉంటది. కరెంటు వోయినా బందుగాదు.” మేమిద్దరం నవ్వలేకపోయాం. ఆమె గ్లాసు కింద పెట్టి, “మొత్తానికి మొత్తం పోకముందే ఒక్కసారి జోడుగుట్టల మడుగు కాడ కూసోవాలె. గా నీళ్ల సప్పుడు ఇనాలె. అవ్వ కూసున్న కాడ. తీస్కపోతవా?” అంది.

దానికేం భాగ్యం అన్నాను. జోడుగుట్టలు ఎక్కడో ఉన్నాయా? బీర్‌పూర్ అవతల మేము పుట్టి పెరిగిన ఊరికి ఆనుకొనే ఉన్నాయి. రెండు గుట్టల మధ్య లోయను కోసుకుంటూ ఒక వాగు గోదావరి వైపు పోతుంది. మా చిన్నప్పుడు అటు పశువులు, కట్టెలకు పోయే ఆడవాళ్లు తప్ప ఎవరూ పోయేవాళ్లు కారు. ఇప్పుడది పార్కు. సిమెంటు తోవ, ఇనుప రెయిలింగు, వాగు గుట్టల్లోంచి బయటపడే చోట నిలబడి ఫొటో దిగడానికి గుండె ఆకారంలో ఒక కమాను. ధర్మపురికి వచ్చిన వాళ్లు దర్శనం చేసుకొని ఇక్కడికొచ్చి పులిహోర తిని పోతారు. స్వప్న ఫోనులో చూసి, “మస్తు ఫేమస్ అయింది చిన్నమ్మా, అందరు పోతుండ్రు” అంది. అందరూ పోతున్నారన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ ఆదివారమే స్వప్న కారులో బయలుదేరాం.

ఏం చెప్పమంటారు ఆ జాతర! కార్లు పెట్టడానికి చోటు దొరికేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. పార్కింగు కోసం చదును చేసిన మైదానంలో మక్క కంకులు కాల్చేవాళ్లు, నూడుల్స్ బండ్లు, బుడగలు అమ్మేవాళ్లు. సిమెంటు తోవ మీద మనిషి వెనక మనిషి. ప్రతి గుంపు దగ్గరా నీళ్ల సీసా అంత స్పీకరు, ప్రతి స్పీకరులోంచీ ఒక డీజే పాట. అవన్నీ కలిసి రెండు గుట్టలకూ కొట్టుకొని తిరిగి మన మీదే పడుతున్నాయి. అక్క ఆ రోజు నా మాట మన్నించి మిషన్ పెట్టుకొని వచ్చింది పాపం. కమాను దాకా కూడా పోలేదు. చెవిలోంచి దాన్ని పీకి, కొంగుకు ముడేసుకొని, అందరూ తిరిగి చూసేంత గొంతుతో, “దీనికన్న మా సాంచాల షెడ్డే నయ్యం గదనే!” అంది. పక్కనున్న పిల్లలు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు కారు అద్దంలో చూస్తే ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. నలభై రకాల పూజలకు, ఫంక్షన్లకు తిరుగుతాం గానీ, అక్క నోరు తెరిచి నన్ను అడిగిన కోరిక నాకు తెలిసి ఇదొక్కటే.

ఆ రాత్రి అక్క మా ఇంట్లోనే ఉంది. పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తుంటే నాకు తోచింది. మేం నిన్న పోయిన తోవ అసలు మాది కాదు. అది వాగు వెంట కింది నుంచి పోయే తోవ. మా మడుగు పైన, గుట్ట నడుమన ఉంటుంది. మా తోవ తునికాకు తోవ, బీడీల ఆకు తెంపడానికి పోయేది.

మేం తల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని పిలిచేవాళ్లం. బాపు ఈతచెట్లు గీసేవాడు. తెల్లారకముందే మోకు, కల్లు పట్టే లొట్లు భుజానికేసుకొని పోయేవాడు. ఇంట్లో ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు, కల్లు వాసన ఒకటే తెలిసేది. ఇల్లంతా అవ్వదే. ఏడాది పొడుగునా అవ్వ బీడీలు చుట్టేది. తడి గోనెలో చుట్టిన ఆకు వాసన, చాటలో తంబాకు ఘాటు, ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు, ఇవి మూడూ లేకుండా మా ఇల్లు నాకు గుర్తు రాదు. అన్నం ముద్దలో కూడా తంబాకు వాసన వచ్చేది. నేను మొహం పెడితే “గా వాసనే నీకు పలక కొన్నది, తిను” అనేది. ఎండాకాలం వస్తే బీడీలు పక్కకు పెట్టి ఊరి ఆడవాళ్లంతా గుట్టలకు తునికాకు తెంపడానికి పోయేవాళ్లు. బడికి సెలవులు కాబట్టి మా ఇద్దరికీ అదే పని. చీకటితో లేచి జొన్న గట్క ఇంత కడుపులో పోసుకొని, ఇంకింత చిన్న కుండలో పోసుకొని, దాని మీద ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టుకొని, ఆనపకాయ బుర్రలో నీళ్లతో బయలుదేరేవాళ్లం. ఎండ ముదిరేలోపు ఆకు తెంపి, మధ్యాహ్నం మోదుగు నారతో కట్టలు కట్టి, పొద్దు వాలే వేళకు కల్లానికి మోయాలి. కల్లం అంటే తెచ్చిన కట్టలన్నీ పరిచి ఆరబెట్టే మైదానం. ఆకు జిగురుకు వేళ్లు నల్లబడేవి, చింతపండు పెట్టి రుద్దినా పోయేది కాదు. బడి తెరిచాక ఎవరి వేళ్లు నల్లగా ఉంటే వాళ్ల ఇంట్లో తునికాకుకు పోయారని సారుకు చెప్పకుండానే తెలిసేది.

గుట్టల మీద ఒక కట్టుబాటు ఉండేది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే గుట్ట ఆ పేరు నేర్చుకుంటుందనీ, తర్వాత ఎప్పుడో ఒంటరిగా దొరికినప్పుడు అదే పేరుతో పిలిచి తీసుకుపోతుందనీ పెద్దవాళ్ల నమ్మకం. అందుకని ప్రతి ఇంటికీ ఒక కూత ఉండేది. ఒకామె నాలుక మడిచి ఈల వేసేది, ఒకామె కోయిలలాగా కూసేది. మా అవ్వది కిందినుంచి లేచి చివర్న తెగే కూత: “ఓ… హొయ్!” మేము దానికి “ఆఁ…య్” అని బదులియ్యాలి. బదులు వినపడితే పిల్లలు బాగున్నట్టు, లేకపోతే చేతిలో ఆకు పారేసి ఉరకాల్సిందే. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, పేరు పలకనివ్వని ఆ గుట్టలు కూతను మాత్రం ఉన్నదున్నట్టు తిరిగి పంపేవి.

ఒకనాడు అవ్వ పెద్ద బండ వెనక తెంపుతోంది, మేమిద్దరం కొంచెం దిగువన తునికి పండ్ల కోసం వెతుకుతున్నాం. అవ్వ కూత వినపడింది. బండ అడ్డం ఉండటం వల్ల మాకు అసలు కూత రాలేదు, ఎదురుగుట్టకు తగిలి వచ్చిందే వచ్చింది. “అవ్వ అటు వోయింది” అని అక్క నా చెయ్యి పట్టుకొని అటే నడిచింది. మళ్లీ కూత, మళ్లీ ఎదురుగుట్ట నుంచే. మేము “ఆఁ…య్” అంటూ, పిలుపు వచ్చిన వైపే దిగుతూ పోయాం. రెండు బండల మధ్య మేకలు మాత్రమే దూరే సందు. దానిలోంచి జారుతూ జారుతూ దిగితే ఉన్నట్టుండి చల్లగాలి మొహానికి కొట్టింది. చుట్టూ నిలువు రాళ్లు, నడుమ నల్లటి మడుగు, పైన బండ నుంచి సన్నటి ధార. నడి ఎండాకాలంలో నీళ్లు! వాగంతా ఇసుకే ఉన్న రోజుల్లో!

అవ్వ మా బదులు పట్టుకొని, రొప్పుతూ, కాళ్లు గీరుకుపోయి వచ్చింది. రావడం రావడమే ఇద్దరి వీపులు విమానం మోత మోగించింది. “నేను గాడుంటే మీరు గీడికెట్లొచ్చిండ్రే? గుట్ట పిలిస్తే పోతరా? కండ్లు లేవా?” అని తిట్టి తిట్టి, చివరికి తనే ఏడ్చింది. ఏడ్చి మొహం కడుక్కుందామని మడుగులో చేతులు పెట్టింది. పెట్టి అట్లాగే కూర్చుండిపోయింది. మా అవ్వ చేతిలో పని లేకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో మాట్లాడినా బీడీలు చుడుతూనే మాట్లాడేది, ఏడ్చినా చుడుతూనే ఏడ్చేది. ఆ మనిషి కాళ్లు నీళ్లలో పెట్టి, కళ్లు మూసుకొని, “సప్పుడు చెయ్యకుండ్రి. జర ఇననియ్యుండ్రి” అంది. ఏం వినాలో నాకు అర్థం కాలేదు. ధార మడుగులో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కకు అర్థమైంది. అవ్వ పక్కకు జరిగి, అవ్వలాగే కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం, మిగతా ఆడవాళ్లకు తెలియకుండా, మోపులు పెద్ద బండ కింద దించి కాసేపు అక్కడికి పోయేవాళ్లం. అవ్వ ఆ తోవ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఉన్నవాళ్లకు బంగారం దాచుకోవడం ఉంటుంది, అవ్వకు ఆ చప్పుడు ఉండేది.

చీపురు పక్కన పడేసి ఇదంతా అక్కకు చెప్పబోతే ఆమె నా పెదవులు సగం చూసే ఆపేసింది. “గా సందు నాకు యాదికి లేదనుకున్నవా? నిన్న నువ్వు గా సిమెంటు తొవ్వెంబడి తీస్కపోతుంటే, చెల్లె పెద్ద సదువు సదివింది, దీనికేదో తెలిసే ఉంటదని ఊకున్న” అంది. ఇదీ నాకు దక్కిన మర్యాద.

రెండు రోజులాగి, జనం ఉండని రోజు చూసుకొని, చెప్పులు మానేసి స్వప్న కొనిచ్చిన బూట్లు వేసుకొని మళ్లీ పోయాం. చీరల కింద తెల్ల బూట్లతో మా ఇద్దరినీ చూసి గేటు దగ్గరి అతను ముసిముసిగా నవ్వాడు. పార్కింగు మైదానం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కాబట్టే తెలిసింది: అది మా కల్లమే. ఆదివారం కార్ల మధ్య నిలబడి మక్క కంకి తిన్నది మేం కట్టలు పరిచిన చోటే. కల్లం వెనక తుప్పల్లో మా తోవ కోసం చాలాసేపు వెతికాం. అక్క కర్రతో లంటానా పొదలు పక్కకు నెడుతూ, “గీడ ఒక రెండు కొమ్మల పొనికి చెట్టుండాలె” అంటుంది. చెట్టు లేదు, ఎప్పుడో కొట్టేశారు. చివరికి మేకల పెంటికలు కనపడ్డాయి. మనుషులు మరిచిపోయినా మేకలు మానలేదు ఆ తోవను. వాటి వెంబడే ఎక్కాం. స్వప్న ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చేతులు అందిస్తూ, “అమ్మా, మెల్లగ… చిన్నమ్మా, రాయి కదులుతుంది సూసుకో” అంటూ మా ఇద్దరికీ తల్లి అయిపోయింది.

ఆ ఎక్కుడులో నాకో సంగతి తోచింది. మా కాలంలో గుట్టను చూడటానికి గుట్టకు పోయిన ఆడది లేదు. ఆకుకో, కట్టెకో, పండుకో పోవాలి, నెత్తి మీద మోపుతో దిగాలి. ఖాళీ చేతులతో పోతే ఊరు ఊరుకునేది కాదు. అవ్వ కూడా ఆ కాసేపు కూర్చోవడాన్ని దొంగతనంలా దాచుకుంది. మొన్న ఆదివారం సిమెంటు తోవ మీద ఆడపిల్లలు స్పీకరు పట్టుకొని ఏ పనీ లేకుండా నవ్వుకుంటూ పోతుంటే నేను విసుక్కున్నాను. ఆ గోల నాకిప్పటికీ గిట్టదు, కానీ వాళ్లు ఖాళీ చేతులతో రావడం మాత్రం నాకు నచ్చింది. ఆ కాలం మంచిదని నేను అనను. ఎండకు కళ్లు తిరిగి పడిపోయిన ఆడవాళ్లను చూశాను, తేలు కుట్టి మోసుకుపోయిన వాళ్లను చూశాను. మంచిది ఆ మడుగు ఒక్కటే.

పెద్ద బండ అట్లాగే ఉంది. సందు కూడా ఉంది, మేమే అందులో పట్టకుండా తయారయ్యాం. అక్క పక్కవాటుగా తిరిగి దూరుతూ, “గుట్ట సన్నవడ్డదే” అంది. నిజమేనన్నాను. కిందికి దిగేసరికి అదే చల్లగాలి. వానలు పడి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి ధార నిండుగా పడుతోంది. కింద ఎక్కడో ఉన్న పార్కు నుంచి ఒక్క అలికిడి లేదు. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క బూట్లు విప్పి, అవ్వ కూర్చున్న రాయి మీదే కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టింది. కొంగు ముడి విప్పి మిషన్ చెవికి తగిలించుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపటికి కళ్లు తెరిచింది. మిషన్ తీసింది, మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది.

“ఇనవడుతుందా అమ్మా?” అంది స్వప్న.

“నీళ్లు వడుతున్నయ్ గదా?” అంది అక్క. కళ్లముందు పడుతున్న ధారను చూస్తూ అడిగింది ఆ మాట. “కండ్లకు అవుపడుతుంది. చెవులకు సాంచనే ఆడుతుంది.” ఆ తర్వాత చాలా మెల్లగా, ఆమె గొంతు అంత మెల్లగా రాగలదని నాకు తెలియదు, “ఆలస్యం జేసిన చెల్లె” అంది.

ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నా మొహం చూస్తే ఆమెకు తెలిసిపోతుంది, పెదవులు చూసి బతికిన మనిషి. ఆమె పక్కన స్వప్నను కూర్చోబెట్టి, చీర చెంగు కొరుక్కుంటూ సందులోంచి మళ్లీ పైకి ఎక్కాను. పెద్ద బండ వెనక్కి పోయి దానికి ఆనుకొని కాసేపు ఏడ్చాను. ఏడ్చాక ఎందుకు చేశానో నాకే తెలియదు. అవ్వ నిలబడే చోట ఉన్నాను కాబట్టి చేశానేమో. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకొని, “ఓ… హొయ్!” అన్నాను. మొదటిది గొంతులోనే చచ్చిపోయింది. క్లాసు పిల్లల మీద అరిచిన గొంతు ఎక్కడికి పోయిందని నన్ను నేను తిట్టుకొని, కడుపులోంచి గాలి తీసుకొని మళ్లీ పెట్టాను. ఈసారి అది అవ్వ కూతే. కిందినుంచి లేచింది, చివర్న తెగింది, ఎదురుగుట్టకు తగిలి తిరిగి వచ్చింది.

బండ పక్కనుంచి తొంగి చూశాను. మడుగు దగ్గర అక్క తల ఎత్తింది. స్వప్న నా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్తోంది, అక్క చూడటం లేదు. మెల్లగా తల తిప్పింది, నేనున్న వైపు కాదు, ఎదురుగుట్ట వైపు. వెన్నంతా నిటారుగా చేసి, సిరిసిల్ల షెడ్డు గొంతుతో “ఆఁ…య్!” అని బదులిచ్చింది.

గుట్ట ఆ బదులును నా దగ్గరికి తెచ్చింది. అక్క కాళ్లు నీళ్లలోంచి తీసి, ఒక చేత్తో రాయి పట్టుకొని లేచి, అటే నడవబోయింది. “అటు గాదమ్మా, చిన్నమ్మ గిటున్నది!” అని స్వప్న ఆమె రెక్క పట్టుకుంది.